ఆస్తి వద్దన్న దొరసాని



కాలిఫోర్నియాలో శాంటా క్లారా అనే ఊరుంది. మన తెలుగువాళ్ళకు కొత్త పేరేమీ కాదు. కంప్యూటరు చదువులు చదివి వెళ్ళిన మన పిల్లలు చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు. అక్కడ ఇంటి ధర ఎంతో ఫోన్లో విని, ఇక్కడ తల్లిదండ్రులు గుండె పట్టుకుంటారు. ఇంతకీ ఆ ఊరి పేరు ఎవరిదనుకున్నారు? తనకు, తనవాళ్ళకు జానెడు నేల కూడా ఉండకూడదని నలభై ఏళ్ళు పట్టుబట్టి, ఆ పట్టు నెగ్గాకే కన్నుమూసిన ఒక దొరలింటి ఆడపడుచుది. 1777లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు అక్కడ ఒక మిషను స్థాపించి ఆమె పేరు పెట్టారు. లోకంలోకెల్లా ఖరీదైన నేలల్లో ఒకదానికి ఈమె పేరు తగులుకోవడం చూస్తే, చరిత్రకు కూడా కొంచెం వేళాకోళం తెలుసనిపిస్తుంది.

అస్సీసీ క్లారా ఆమె. ఇటలీవాళ్ళు కియారా అంటారు. మన కతోలికులకు పునీత క్లార. ఆమె గురించి ఎవరు రాసినా ఫ్రాన్సిస్ శిష్యురాలు అని మొదలుపెట్టి, ఫ్రాన్సిస్ కథలో ఒక పక్కన ఆమెను కూర్చోబెడతారు. ఆమెను ఆ పక్క నుంచి తెచ్చి నడిమధ్య నిలబెట్టాలని నా ప్రయత్నం.

ఇటలీ నడిబొడ్డున, ఉంబ్రియా ప్రాంతంలో, కొండవాలు మీద కట్టిన పట్నం అస్సీసీ. క్లారా అక్కడ 1193లోనో 94లోనో పుట్టింది. తండ్రి ఫవరోనె, తల్లి ఒర్తొలానా. సాన్ రుఫీనో అనే పెద్దగుడి పక్కనే వాళ్ళ ఇల్లు. గుర్రమెక్కి కత్తి పట్టే యోధులు ఏడుగురున్న ఇల్లు. తండ్రి తోబుట్టువు మొనాల్దో మాట ఆ ఇంట్లో శాసనం. తల్లి భక్తురాలు. ఆ రోజుల్లో ఓడలెక్కి యెరూషలేము దాకా యాత్ర చేసొచ్చిన మనిషి. మన లెక్కలో చెప్పుకోవాలంటే, ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్న కాలం. పాలంపేటలో రామప్ప గుడి శాసనం వేయించిన 1213 నాటికి, ఈ అమ్మాయి ఇల్లు విడిచి ఏడాది అయింది.

ఆమె పసితనంలోనే ఊళ్ళో దొరలకూ వ్యాపారులకూ కొట్లాట ముదిరింది. 1198లో జనం కొండమీది కోటను పడగొట్టారు. దొరల కుటుంబాలు పక్కనున్న పెరూజా పట్నానికి పారిపోయాయి. క్లారా బాల్యంలో కొన్నేళ్ళు ఆ పరాయి ఊళ్ళోనే గడిచాయి. 1202లో అస్సీసీకీ పెరూజాకూ కొలెస్త్రాద దగ్గర యుద్ధం జరిగితే, అస్సీసీ తరఫున వెళ్ళి పట్టుబడి, పెరూజా చెరసాలలో పడ్డ కుర్రాళ్ళలో ఒక బట్టల వర్తకుడి కొడుకున్నాడు. అతనే ఫ్రాన్సిస్. అంటే ఫ్రాన్సిస్, క్లారా పుట్టుక రీత్యా ఒకరికొకరు శత్రుపక్షాలవాళ్ళు. ఆ తరవాత ఆ కుర్రాడు తండ్రి సొమ్మంతా కాదని, ఒంటిమీది బట్టలతో సహా తండ్రికి ఇచ్చేసి, బిచ్చమెత్తుకుంటూ దేవుడి పాట పాడుకునే సన్యాసి అయ్యాడు. ఊళ్ళో సగంమంది అతనికి పిచ్చి పట్టిందన్నారు.

క్లారా గురించి ఇప్పుడు నేను చెప్పబోయే వివరాల్లో చాలా భాగం పుక్కిటి పురాణం కాదు. ఆమె పోయిన మూడు నెలలకు, 1253 నవంబరులో, పోపు ఆజ్ఞ మీద స్పొలేతో బిషప్పు మఠానికి వచ్చి విచారణ జరిపాడు. మఠంలోని సోదరీమణులు పదిహేనుమంది, ఊళ్ళోవాళ్ళు అయిదుగురు ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పారు. ఆ సాక్ష్యాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళలో రనియేరి అని ఒకాయన ఉన్నాడు. క్లారా అందగత్తె అనీ, పెళ్ళికి ఒప్పుకోమని తాను ఎన్నోసార్లు అడిగినా ఆమె చెవిన పెట్టలేదనీ, పైగా తనకే లోకం వదిలేయమని బోధ చేసిందనీ చెప్పుకున్నాడు. నలభై ఏళ్ళ తరవాత, ముసలితనంలో, బిషప్పు ముందు ఆ ముక్క చెప్పుకోవడానికి ఆయనకు ఏమీ మొహమాటం కలిగినట్టు లేదు. ఇంట్లో పనిచేసిన జొవాన్ని అనే మరో సాక్షి, ఊళ్ళో పెద్ద ఖర్చుగల ఇళ్ళలో అదొకటనీ, అలాంటి ఇంట్లో వడ్డించిన భోజనం ఈ పిల్ల తినకుండా దాచి బీదలకు పంపేదనీ చెప్పాడు.

ఫ్రాన్సిస్‌ను ఆమె చాటుమాటుగా కలిసేది. తోడుగా బోనా అనే బంధువు వెళ్ళేది. ఆ బోనా సాక్ష్యంలో ఒక ముచ్చట నాకు భలే నచ్చుతుంది. ఊరి దిగువన పొర్సియుంకొలా అనే చిన్న గుడిని బాగుచేస్తున్నవాళ్ళకు క్లారా డబ్బు పంపిందట, మాంసం కొనుక్కుని తినమని. పద్దెనిమిదేళ్ళు నిండీ నిండని దొరసాని. తాను ఉపవాసాలుంటూ, రాళ్ళు మోసేవాళ్ళు మాత్రం కడుపునిండా తినాలనుకుంది. ఆ గుణం ఆమెలో చివరిదాకా పోలేదు.

1212 మార్చి 18, మట్టల ఆదివారం. ఊరంతా సాన్ రుఫీనో గుడిలో ఉంది. బిషప్పు చేతిమీదుగా మట్టలు తీసుకోవడానికి అందరూ ముందుకు వెళ్ళారు. క్లారా తన చోటు నుంచి కదల్లేదు. బిషప్పే మెట్లు దిగి వచ్చి ఆమె చేతిలో మట్ట పెట్టాడు. ఆయనకు సంగతి ముందే తెలుసా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతున్నారు. నన్నడిగితే తెలిసే ఉంటుందంటాను. బిషప్పు ఊరికే మెట్లు దిగడు.

ఆ రాత్రి ఆమె ఇల్లు దాటింది. వీధి గుమ్మం గుండా వెళ్తే కాపలావాళ్ళు ఆపుతారు. ఇంటికి ఇంకో తలుపుంది, వాడకం లేనిది. దానికి అడ్డంగా బరువైన దూలాలు, ఇనుప కమ్మీ పెట్టి ఉంచారు. చాలామంది మగవాళ్ళు కలిసినా తీయలేని అడ్డమని, ఆ రాత్రి ఆ ఇంట్లోనే ఉన్న క్రిస్తియానా అనే ఆమె తరవాత సాక్ష్యం చెప్పింది. క్లారా వాటిని తన చేతులతో తీసి పక్కన పెట్టింది. తెల్లారి లేచి ఆ తెరిచిన తలుపు చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. కొండ దిగి, చీకట్లో, పొర్సియుంకొలా గుడికి చేరేసరికి ఫ్రాన్సిస్ తన సన్యాస సోదరులతో ఎదురుచూస్తున్నాడు. పీఠం ముందు ఆమె జుట్టు కత్తిరించాడు. పట్టుబట్టలు పోయి ముతక బట్ట వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. దొరలింటి ఆడపిల్ల మఠంలో చేరడం ఆ కాలంలో వింతేమీ కాదు. పెళ్ళికి కట్నమిచ్చినట్టే మఠానికీ కట్నమిచ్చి, భూములు రాసి, కూతురిని పంపేవాళ్ళు. మఠాలకు పొలాలు, మిల్లులు ఉండేవి, రైతులు ఉండేవాళ్ళు. పెద్దింటి పిల్ల అక్కడ మఠాధిపతురాలై పుట్టింటి పరువు నిలబెట్టేది. క్లారా అలాంటి మఠంలో చేరి ఉంటే మొనాల్దో దగ్గరుండి దిగబెట్టి వచ్చేవాడు. కట్నం లేకుండా, బిచ్చమెత్తుకునేవాళ్ళ దారిలో పోవడమే అతనికి మింగుడుపడలేదు.

ఆ రాత్రే ఫ్రాన్సిస్ ఆమెను దగ్గరలోని బస్తియాలో సాన్ పావులో అనే బెనెడిక్టు సభవాళ్ళ మఠానికి చేర్చాడు. చుట్టాలు మొదట మంచిమాటలతో, తరవాత బలవంతంతో వచ్చారు. క్లారా గుడిలోకి వెళ్ళి పీఠం మీది బట్టను గట్టిగా పట్టుకుంది. ఇంకో చేత్తో తలమీది ముసుగు లాగేసి, కత్తిరించిన తల చూపించింది. పీఠం పట్టుకున్న మనిషిని ముట్టుకుంటే సంఘబహిష్కారం. జుట్టు తీసేసిన పిల్లకు పెళ్ళి సంబంధం రాదు. రెండు ముక్కల్లో వాళ్ళకు విషయం అర్థమైంది. తిరుగుముఖం పట్టారు.

పదహారు రోజులకు ఆమె చెల్లెలు కతెరీనా కూడా వచ్చి చేరింది. ఈసారి పన్నెండుమంది మగాళ్ళు వచ్చి, ఆ పిల్లను జుట్టు పట్టుకుని కొండదారిలో ఈడ్చుకుపోయారు. దారిలో ఆమె ఒళ్ళు సీసంలా బరువెక్కి కదలలేదని కథ చెబుతుంది. నమ్మేవాళ్ళు అద్భుతం అంటారు. పదిహేనేళ్ళ పిల్ల మొండికేసి నేలకు అంటుకుపోతే ఎత్తడం ఎంత కష్టమో ఆడపిల్లల్ని పెంచినవాళ్ళకు తెలుసు. ఏదైతేనేం, ఆమెనూ వదిలి వెళ్ళారు. ఫ్రాన్సిస్ ఆ పిల్లకు ఆగ్నెస్ అని పేరు పెట్టాడు. ఆ తరవాత ఇంకో చెల్లెలు బెయత్రీచె వచ్చింది. చివరికి తల్లి ఒర్తొలానా కూడా వచ్చి, కన్నకూతురినే అమ్మగారని పిలుస్తూ ఆమె మఠంలోనే ఉండిపోయింది.

క్లారా బస్తియా వదిలి వచ్చి స్థిరపడ్డ ఆ మఠం సాన్ దమియానో. ఊరి గోడ బయట, ఓలివ తోటల మధ్య, ఫ్రాన్సిస్ తన చేతులతో రాళ్ళు పేర్చి నిలబెట్టిన చిన్న గుడి. క్లారా అక్కడ అడుగుపెట్టాక చనిపోయేదాకా, నలభై ఒక్క ఏళ్ళు, అక్కడే ఉంది. తన వాటాకు వచ్చిన ఆస్తి అమ్మి బీదలకు పంచింది. చుట్టాలే ఎక్కువ ధర ఇస్తామని వచ్చారు, కుటుంబం చేతిలోంచి భూమి పోకూడదని. వాళ్ళకు అమ్మలేదు. బయటివాళ్ళకు అమ్మింది. ఇంటివాళ్ళ చేతిలో పెడితే బీదవాళ్ళ దాకా చేరుతుందో లేదో అని ఆమె అనుమానం.

ఇక లోపలి బతుకు. పొలం లేదు, అద్దె లేదు, ధర్మసత్రాల్లాగా నిధి లేదు. నూలు వడకడం, ఊళ్ళో సోదరులు అడుక్కొచ్చింది తినడం. ఒకరోజు మఠంలో ఒకే ఒక్క రొట్టె ఉంది. భోజనం వేళ అయింది. క్లారా చెచీలియా అనే సోదరిని పిలిచి, సగం రొట్టె బయట ఉండే సోదరులకు పంపమంది. మిగిలిన సగాన్ని యాభై ముక్కలు కోయమంది, లోపల యాభైమంది ఉన్నారు కాబట్టి. ఇందులోంచి యాభై ముక్కలు రావాలంటే ప్రభువు మళ్ళీ అద్భుతం చేయాలి అని చెచీలియా అనేసింది. చెప్పింది చెయ్యి అని క్లారా. కోసింది, అందరికీ సరిపోయాయని సాక్ష్యం. నాకు ఇందులో అద్భుతం కంటే, చెచీలియా అలా ఎదురు మాట అనగలగడం ఎక్కువ ఆకట్టుకుంటుంది. ఆ మఠంలో పెద్దమ్మగారి ముందు నోరు విప్పే వీలుండేదన్నమాట.

ఇప్పుడు అసలు పోరాటం. 1215లో రోములో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, ఇకమీద కొత్త సన్యాసనియమాలు పెట్టడానికి వీల్లేదంది. దాంతో క్లారా మఠం పాత బెనెడిక్టు నియమం కిందికి వచ్చింది. ఆ నియమంలో మఠానికి ఆస్తి ఉండొచ్చు. పోపులు చెడ్డవాళ్ళేమీ కాదు, వాళ్ళ వాదనలోనూ న్యాయముంది. గోడల మధ్య ఉండే ఆడవాళ్ళు, బయటికి పోయి అడుక్కోలేరు, కరువొస్తే ఏం తింటారు? నాలుగు ఎకరాలు ఉంచుకోండి అన్నారు. క్లారా వద్దంది. తొమ్మిదో గ్రెగరీ పోపు స్వయంగా వచ్చి, ప్రతిజ్ఞ అడ్డమైతే ఆ ప్రతిజ్ఞ నుంచి విడుదల చేస్తానన్నాడు. క్రీస్తు వెంట నడవడం నుంచి తనకు విడుదల అక్కర్లేదని ఆమె జవాబు. పోపు వెనక్కి తగ్గాడు. 1228 సెప్టెంబరు 17న రాతపూర్వకంగా ఒక హక్కు ఇచ్చాడు: ఆస్తి తీసుకొమ్మని ఆ మఠాన్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. హక్కు పత్రాలు ఆస్తి కోసం పుట్టిన లోకంలో, ఆస్తి లేకుండా ఉండే హక్కు కోసం పత్రం రాయించుకుంది ఆ మనిషి.

రెండేళ్ళకు అదే పోపు, తన అనుమతి లేకుండా సన్యాసులు ఆడమఠాల్లోకి వెళ్ళి బోధ చేయకూడదన్నాడు. క్లారాకు ఒళ్ళు మండింది. ఆత్మకు తిండి పెట్టేవాళ్ళు రాకపోతే కడుపుకు తిండి తెచ్చేవాళ్ళు మాత్రం ఎందుకని, ఆహారం తెచ్చే సోదరుల్ని కూడా వెనక్కి పంపేసింది. మనకు బాగా తెలిసిన అస్త్రమే, నిరాహార దీక్ష. సంగతి తెలిసి పోపు ఆ ఆజ్ఞను సడలించాడు.

ఇంత పట్టుదల ఉన్న మనిషి మంచంలో ఉండి ఇదంతా చేసిందని మరిచిపోకూడదు. 1224 ప్రాంతం నుంచి జబ్బుపడి, దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళు సరిగా లేవలేదు. జబ్బుకు కొంత కారణం ఆమే. వారంలో మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, ఏమీ తినేది కాదు. ద్రాక్షతీగల కట్టెల మీద పడుకునేది. చివరికి ఫ్రాన్సిస్, బిషప్పు కలిసి, రోజూ కనీసం ఒక చిన్న రొట్టెముక్కైనా తినాలని ఆజ్ఞ వేయాల్సి వచ్చింది. ఈ ఒళ్ళు మాడ్చుకోవడాన్ని నేను మెచ్చుకోలేను. ఆమే ఆ సంగతి తరవాత గ్రహించినట్టుంది. ప్రాగ్ నగరంలో మఠంలో చేరిన రాకుమారి ఆగ్నెస్‌కు ఉత్తరం రాస్తూ, మన ఒళ్ళు ఇత్తడితో చేసింది కాదు, ఉపవాసాలు తగ్గించుకో అని మందలించింది. తాను రాసిన నియమావళిలో జబ్బుపడిన సోదరీమణులకు ఈకల దిండ్లు, ఉన్ని మేజోళ్ళు ఇవ్వొచ్చని ప్రత్యేకంగా చేర్చింది. రాత్రిపూట చలిలో లేచి, నిద్రపోతున్నవాళ్ళకు దుప్పట్లు కప్పేదని సోదరీమణులు చెప్పారు. మంచంలో వెనక దిండు ఆనించి కూర్చోబెట్టించుకుని సన్ననూలు వడికేది. ఆ నూలుతో నేసిన బట్టతో, పూజలో పాత్ర కింద పరిచే గుడ్డలు యాభై జతలకు పైగా కుట్టించి, చుట్టుపక్కల కొండల్లోని బీద గుళ్ళకు పంపింది.

ప్రాగ్ ఆగ్నెస్ బొహీమియా రాజు ఒట్టోకర్ కూతురు. రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి సంబంధాన్ని కాదని మఠంలో చేరింది. ఇద్దరూ జీవితంలో ఒక్కసారైనా కలవలేదు. క్లారా ఆమెకు రాసిన నాలుగు ఉత్తరాలు మిగిలాయి. ఆస్తి ఉంచుకొమ్మని పోపు ఆగ్నెస్ మీద ఒత్తిడి తెచ్చినప్పుడు, నీ దారికి అడ్డమొచ్చే సలహా ఎవరు చెప్పినా, ఆయన్ను గౌరవించు కానీ సలహా పాటించకు అని క్లారా రాసింది. ఆ ఎవరో ఒకరు ఎవరో ఇద్దరికీ తెలుసు. 1238లో ఆగ్నెస్‌కు కూడా ఆ హక్కు దక్కింది.

1240లో ఫ్రెడరిక్ చక్రవర్తి కూలిసైన్యంలోని సారసెన్ సైనికులు మఠం ప్రాకారం దూకితే, క్లారా దివ్యసత్ప్రసాదం ఉన్న పెట్టెను ముందుంచి ప్రార్థించిందనీ, వాళ్ళు వెనుదిరిగారనీ అందరికీ తెలిసిన కథ. బొమ్మల్లో ఆమె చేతిలో సత్ప్రసాదపాత్ర అందుకే ఉంటుంది.

ఇక మన ఆకాశవాణివాళ్ళకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. 1252 క్రిస్మస్ రాత్రి అందరూ ప్రార్థనకు వెళ్ళారు. క్లారా మంచంలో ఒంటరిగా మిగిలింది. ఊరికి అవతలి కొసన ఉన్న ఫ్రాన్సిస్ గుడిలో పాటలు, ఆర్గన్ వాద్యం ఆమెకు స్పష్టంగా వినిపించాయట. పశువుల తొట్టి కూడా కనిపించిందని ఒక సోదరి అన్నది. ఆ మాట పట్టుకుని పన్నెండో పియుస్ పోపు 1958లో ఆమెను టెలివిజన్‌కు పాలకపునీతగా ప్రకటించాడు. ముందు వినిపించిందన్నారు కదా, న్యాయంగా ఆ గౌరవం రేడియోకు దక్కాలి. టీవీ అప్పటికే మన చోట్లు ఆక్రమించడం మొదలుపెట్టిందన్నమాట.

చివరి సంవత్సరాల సంగతికి వస్తాను. 1247లో నాలుగో ఇన్నోసెంట్ పోపు, ఆస్తి ఉండొచ్చంటూ ఇంకో నియమావళి ఇచ్చాడు. అప్పుడు క్లారా తానే ఒకటి రాసింది. ఆడవాళ్ళు ఎలా బతకాలో అప్పటిదాకా మగవాళ్ళే రాశారు. ఒక ఆడమనిషి ఆడవాళ్ళ కోసం రాసి, పోపు ఆమోదం పొందిన మొట్టమొదటి సన్యాసనియమం అది. అందులో మఠాధిపతురాలు వారానికోసారి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలని ఉంది. అందరి సమ్మతి లేకుండా పెద్ద అప్పు చేయకూడదని ఉంది. ఆస్తి మాత్రం ఉండకూడదని గట్టిగా ఉంది.

1253 వేసవికి పోపు అస్సీసీలోనే ఉన్నాడు. ఆమెకు అవసానకాలం వచ్చిందని తెలిసి చూడటానికి వచ్చాడు. ఆగస్టు 9న నియమావళికి ఆమోదముద్ర పడింది. పత్రం చేతికి అందింది. ఆమె దాన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుందని ఆ తోలుపత్రం అంచునే ఎవరో రాసి పెట్టారు. ఆగస్టు 11న ఆమె చనిపోయింది. రెండేళ్ళకే పునీతగా ప్రకటించారు.

గెలుపు కాగితం మీద నిలిచినంతగా నేలమీద నిలవలేదు. పదేళ్ళకు, 1263లో, నాలుగో ఉర్బన్ పోపు ఆమె దారిలో నడిచే మఠాల సంఘానికి క్లారా పేరే పెట్టి, ఆస్తి ఉండొచ్చనే నియమాన్ని ఇచ్చాడు. చాలా మఠాలు దాన్నే తీసుకున్నాయి. 15వ శతాబ్దంలో ఫ్రాన్సులో కొలెత్ అనే సన్యాసిని పూనుకుని క్లారా దారిని మళ్ళీ నిలబెట్టింది. పోపు ముద్ర ఉన్న ఆ అసలు పత్రం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. 1893లో అస్సీసీ మఠంలో దాచి ఉంచిన క్లారా బట్టల మడతల్లో దొరికింది.

శ్రోతల్లో ఇటలీ యాత్రకు వెళ్ళేవాళ్ళు ఉంటే ఒక్క మాట. యాత్రికుల బస్సులు అస్సీసీలో ఫ్రాన్సిస్ మహామందిరం చూపించి తిప్పేస్తాయి. గంట సమయం అడిగి తీసుకోండి. ఊరి గోడ దాటి, ఓలివ చెట్ల మధ్య దారి పట్టి దిగితే సాన్ దమియానో వస్తుంది. సోదరీమణులు తిన్న భోజనశాలలో ఆ పాత చెక్క బల్లలు చూడండి, పైన ఆమె ప్రాణం వదిలిన గది చూడండి. దిగడం తేలికే కానీ తిరిగి రావడం ఎగువదారి, పెద్దవాళ్ళు నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి.